ఫార్వర్డ్ చేసినవాడి వంతు ఎంత?

ఈ పక్షం వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా విజయవాడ, గుంటూరు కళాశాలల నుంచి, హాస్టళ్ల నుంచి, పిల్లలను అక్కడ చదివిస్తున్న ఇళ్ల నుంచి వచ్చాయి. అన్నింటిలోనూ విషయం సోషల్ మీడియాయే కావడంతో ఈసారి శీర్షికను దానికే కేటాయించాము. ఉత్తరాలను కుదించాము, గుర్తుపట్టే వివరాలు తీసేశాము. విద్యార్థులలో చాలామంది అడిగిన మొదటి మాట ‘నాకు శిక్ష పడుతుందా?’ అని. దానికి జవాబు చెబుతాను గానీ, అంతకంటే ముందు మనకు మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉందని నా అభిప్రాయం: నేను పంపుతున్నది ఎవరిది? ఫొటో ఎవరిది, పేరు ఎవరిది, పోయే పరువు ఎవరిది అన్నది తేలితే, ఈ విషయంలో చట్టం చెప్పేది సగం వరకు పుస్తకం తెరవకుండానే బోధపడుతుంది.

ప్రశ్న: 2024 సెప్టెంబరు వరదలప్పుడు నేను విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కట్ట తెగిందని, ఇంకో గంటలో మా బంధువులుండే పేట కూడా మునుగుతుందని ఎవరిదో వాయిస్ మెసేజి వస్తే, మా కుటుంబ గ్రూపుతో కలిపి ఏడు గ్రూపులకు పంపాను. అది అబద్ధమని రెండు గంటల తర్వాత తెలిసింది. అప్పటికే మా పెద్దమ్మ, పెదనాన్న ఇంటికి తాళం వేసి వానలో రోడ్డు మీదికి వచ్చేశారు. పెదనాన్నకు మోకాలి ఆపరేషను జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. మంచి చేద్దామనే పంపాను. ఇందులో నా తప్పు ఎంత?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: ఆ రోజులు ఈ ఊళ్లో ఉన్నవారెవరూ మరచిపోలేరు. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, దాని చుట్టుపక్కల పేటలు నీళ్లలో ఉండిపోయాయి. మరునాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదయింది. పడవలు కొట్టుకువచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర తగులుకున్నాయి. కరెంటు లేక, ఫోన్లలో ఛార్జింగ్ అయిపోతూ, మిగిలిన నాలుగు శాతంతో ఒక్క సందేశం పంపగలిగితే చాలనుకున్న ఇళ్లు ఎన్నో. అలాంటి సమయంలో ‘ఏదీ ఫార్వర్డ్ చేయకండి’ అని ఉపదేశించడం తెలివితక్కువ. పాలప్యాకెట్టు ఎక్కడ కావాలో, పడవ ఎక్కడికి రావాలో విద్యార్థులు పంపిన సందేశాల వల్లే తెలిసిన సందర్భాలు ఉన్నాయి.

అయితే ఆ సందేశాలకూ మీరు పంపినదానికీ తేడా ఉంది. ‘ఫలానా వీధి, ఫలానా మేడ, రెండో అంతస్తులో బాలింత ఉంది, ఇది ఆమె భర్త నంబరు, ఇప్పుడు ఉదయం పది గంటలు’ అన్న సందేశానికి ఒక సొంతదారు ఉన్నాడు; అనుమానం వస్తే ఫోన్ చేసి అడగవచ్చు. మీకు వచ్చిన వాయిస్ మెసేజిలో గొంతు ఉంది, మనిషి లేడు. చోటు లేదు, వేళ లేదు, ‘నేను చూశాను’ అన్న మాట లేదు. నిజమైన సందేశం కూడా వేళ రాయకపోతే అబద్ధంగా మారిపోతుందన్నది ఆ వరదల్లో చాలామంది ఆలస్యంగా తెలుసుకున్నారు: బాలింతను ఒడ్డుకు చేర్చిన తర్వాత కూడా ఆ సందేశం తిరుగుతూనే ఉంటే, పడవ మళ్లీ ఖాళీ ఇంటికే వెళ్తుంది. అందుకే సహాయం అందగానే ‘అందింది’ అని అదే గ్రూపులో రాయడం కూడా సహాయంలో భాగమే.

ఇంకొకటి గమనించండి. వదంతుల వల్ల మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు జరిగాక, 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, బాగా చేతులు మారి రెండు బాణాల గుర్తు పడిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కు మాత్రమే పంపనిస్తోంది. మీకు వచ్చినదాని మీద ఆ గుర్తు ఉండి ఉంటే, ఏడు గ్రూపులకు చేరవేయడానికి మీరు ఏడుసార్లు ప్రయత్నించి ఉండాలి. ఆ కట్టడి పెట్టిందే మధ్యలో ఒక్కసారైనా చెయ్యి ఆగుతుందన్న ఆశతో.

చట్టం సంగతి: విపత్తు గురించి గానీ దాని తీవ్రత గురించి గానీ తప్పుడు హెచ్చరికను సృష్టించినా, ప్రచారం చేసినా, దానివల్ల జనం భయాందోళనలకు గురైతే, విపత్తు నిర్వహణ చట్టం 2005లోని 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు గానీ జరిమానా గానీ పడవచ్చు. సృష్టించినవాడితో పాటు ప్రచారం చేసినవాడినీ ఆ సెక్షన్ పేర్కొంటుంది. మీ మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఇప్పుడు భయపడవలసింది లేదు. కానీ అబద్ధమని తెలిశాక మీరేం చేశారో ఉత్తరంలో రాయలేదు. ఆ సందేశాన్ని తొలగించి ఊరుకుని ఉంటే అది సరిపోదు. అప్పటికే విన్నవారికి అది తొలగిందనీ తెలియదు, ఎందుకు తొలగిందీ తెలియదు. అదే ఏడు గ్రూపుల్లో ‘నేను పంపింది తప్పు’ అని మీ పేరుతో రాయాలి. పెదనాన్నగారి దగ్గరికి మాత్రం మెసేజి పెట్టకుండా మనిషిగా వెళ్లండి.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, మా సెక్షన్‌కు సీఆర్‌ని (క్లాస్ రిప్రజెంటేటివ్‌ని). 68 మంది ఉన్న మా వాట్సాప్ గ్రూపుకు నేనే అడ్మిన్‌ని. ఒక అబ్బాయి మాకు పాఠం చెప్పే మేడమ్ ముఖాన్ని ఏదో సినిమా నటి ఒంటికి అతికించి స్టిక్కర్ చేసి రాత్రి ఒంటిగంటకు పెట్టాడు. నేను నిద్రలో ఉన్నాను. పొద్దున లేచేసరికి అది స్టాఫ్ రూముకు చేరింది. మా విభాగాధిపతి, అంటే హెచ్‌ఓడీ గారు ‘అడ్మిన్‌వి నువ్వే, కేసు నీ మీదే’ అంటున్నారు. నిజమేనా? అలాగే మెస్‌లో తిండి గురించి గ్రూపులో రాయడం కూడా నేరమేనా? దాని మీదా మమ్మల్ని బెదిరిస్తున్నారు.
— ఒక సీఆర్, గుంటూరు జిల్లా

జవాబు: పాతికేళ్లకు పైగా కళాశాలలో పాఠం చెప్పి, అందులో కొన్నేళ్లు క్రమశిక్షణ సంఘంలోనూ కూర్చున్నవాడిగా చెబుతున్నాను: అధ్యాపకుడు బస్సు దిగి గేటు దాటే లోపే ఆయన మీద వేసిన స్టిక్కర్ స్టాఫ్ రూములో ఉంటుంది. 68 మంది ఉన్న గ్రూపులో రహస్యం అనేది లేదు. ఆ 68 మందిలో ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా స్క్రీన్‌షాట్ సిద్ధంగా ఉంటుంది.

హెచ్‌ఓడీ గారి మాట చట్టం ప్రకారం నిలవదు. సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన పోస్టుకు, అతనితో కూడబలుక్కున్నట్లు రుజువైతే తప్ప, అడ్మిన్‌ను బాధ్యుడిని చేయలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో చెప్పింది. కేరళ హైకోర్టు కూడా 2022 ఫిబ్రవరిలో ఇదే దారిలో తీర్పునిచ్చింది. అడ్మిన్‌కు ఉన్నది సభ్యులను చేర్చే, తీసేసే అధికారమే గానీ, ఎవరు ఏం రాయబోతున్నారో ముందుగా చూసి ఆపే వీలు లేదన్నది ఇందులోని తర్కం.

ఇంతవరకు మీకు ఊరట. ఇక మీకు నచ్చని మాట. అడ్మిన్ మరొకరి సందేశాన్ని అందరికీ కనపడకుండా తొలగించే వీలు 2022 నుంచి ఉంది. పొద్దున లేచి చూసినప్పుడు మీరేం చేశారు? తొలగించారా, ఆ అబ్బాయిని అడిగారా, లేక మిగతా 66 మందిలా నవ్వు బొమ్మ పెట్టి స్నానానికి వెళ్లిపోయారా? కోర్టు అడగని ఈ ప్రశ్నను కళాశాల అడగవచ్చు, ఎందుకంటే క్రమశిక్షణ నియమాలు వేరు, నేరచట్టం వేరు. మేడమ్ అడిగితే దానికి జవాబు చెప్పడం ఇంకా కష్టం. ఆ స్టిక్కర్ చేసిన అబ్బాయి మీద మాత్రం ఆమె ఫిర్యాదు చేస్తే అది తేలిగ్గా పోయే విషయం కాదు. బొమ్మ అసభ్యంగా ఉంటే సమాచార సాంకేతిక చట్టం (ఐటీ చట్టం) 67వ సెక్షన్ వర్తిస్తుంది, మొదటిసారి నేరానికే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. ఆ సెక్షన్‌లో ‘ప్రచురించినా, ప్రసారం చేసినా’ అని ఉంటుంది. అంటే మీ గ్రూపు నుంచి పక్క సెక్షన్‌కు పంపిన పెద్దమనిషికీ అది వర్తిస్తుంది. వీలైతే అందరూ కలిసి వెళ్లి మేడమ్‌ను క్షమాపణ అడగండి. ‘సరదాకి మేడమ్’ అన్న మాట మాత్రం అక్కడ అనకండి. ఆ సరదాలో ఆమెకు వాటా లేదు.

మెస్ విషయంలో మీ పక్షాన ఉంటాను. చిరాకు కలిగించే పోస్టు పెట్టినా అరెస్టు చేయడానికి వీలిచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్టుకు ఇద్దరు అమ్మాయిలను, ఒకరు రాసినందుకు, ఇంకొకరు లైక్ కొట్టినందుకు, 2012లో అరెస్టు చేశారు. దాని మీద శ్రేయా సింఘాల్ అనే యువతి కోర్టుకు వెళ్లడం వల్ల వచ్చిన తీర్పది. పప్పులో పురుగు కనపడితే పురుగు కనపడిందని రాయడం నేరం కాదు. ఫొటో తీయండి, తేదీ, పూట రాయండి, ముందు వార్డెన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి ఆ ప్రతిని దాచుకోండి. ‘కాంట్రాక్టరు దగ్గర కమీషన్ తింటున్నారు’ అని రుజువు లేకుండా ఒకరి పేరు రాస్తే మాత్రం అది పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ చెప్పే పరువునష్టం కిందికి వస్తుంది. వంటమనిషి కులం, ఊరు, యాస మీద రాసేవారికి ఈ శీర్షికలో చోటు లేదు.

ప్రశ్న: నేను గుంటూరులో హాస్టల్లో ఉండి పీజీ చదువుతున్నాను. రెండేళ్లు స్నేహంగా ఉన్న అబ్బాయితో ఈ మధ్య మాట్లాడటం మానేశాను. అతని దగ్గర నేను పంపిన కొన్ని ఫొటోలు ఉన్నాయి. మళ్లీ మాట్లాడకపోతే మా అన్నయ్యకు, మా ఊరి గ్రూపుకు పంపుతానంటున్నాడు. భయపడి ఒకసారి ఐదు వేలు ఫోన్‌పే చేశాను. ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాడు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించేస్తారు. ఫొటోలు నేనే పంపాను కాబట్టి పోలీసులు నా మాట వింటారా?
— పేరు, ఊరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. చట్టం మీ పక్షానే ఉంది. మీరే పంపారన్నది అతనికి రక్షణ కాదు. ఏకాంతంలో ఉన్న స్త్రీ చిత్రాలను తీయడానికి ఆమె ఒప్పుకున్నా, వాటిని మూడో మనిషికి చూపడానికి ఒప్పుకోకపోతే, అలా చూపడం నేరమేనని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. ఒకరిని నమ్మి ఇచ్చినది ఊరందరికీ ఇచ్చినట్లు కాదని చట్టానికి తెలుసు. మన ఇళ్లలోనే ఇంకా తెలియాలి. బయటపెడతానని బెదిరించి డబ్బు తీసుకోవడం 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు. వద్దన్నా వెంటపడి సందేశాలు పంపడం 78వ సెక్షన్ కిందికి వస్తుంది. ఫొటోలు నిజంగా పంపితే, వాటి స్వభావాన్ని బట్టి ఐటీ చట్టం 66ఇ, 67, 67ఎ సెక్షన్లు కూడా చేరతాయి; 67ఎ కింద మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా ఉన్నాయి.

ఇప్పుడు చేయవలసినవి. ఇక ఒక్క రూపాయి కూడా పంపకండి. ఐదు వేలు తీసుకుని మళ్లీ అడిగినవాడు పదివేలు తీసుకున్నా మళ్లీ అడుగుతాడు. భయంతో చాట్ మొత్తం తొలగించాలనిపిస్తుంది, ఆ పని చేయకండి. అతని బెదిరింపులు, అతని నంబరు, ప్రొఫైల్ పేరు, తేదీ, సమయం కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ప్రొఫైల్ లింకు విడిగా రాసుకోండి. ఐదు వేల చెల్లింపు రసీదు దాచండి. వీటి ప్రతిని మీరు నమ్మే ఒక స్నేహితురాలి దగ్గర కూడా ఉంచండి. ఇవన్నీ భద్రమయ్యాకే అతన్ని బ్లాక్ చేయండి.

ఫిర్యాదు మూడు దారుల్లో చేయవచ్చు. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఐఎన్ అనే జాతీయ పోర్టల్‌లో స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ పేరు చెప్పకుండా కూడా తెలియజేసే వీలుంది గానీ, అతని మీద చర్య కావాలంటే పేరుతో ఇచ్చిన ఫిర్యాదుకే బలం ఎక్కువ. నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్లదలిస్తే, ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పి పంపడానికి లేదు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. అతను మీ విశ్వవిద్యాలయంలోనే చదువుతుంటే, అక్కడ తప్పనిసరిగా ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీకి కూడా రాయండి. మాట్లాడటానికి ఒక మనిషి కావాలనిపిస్తే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టకుండా ఆలోచనలు కమ్ముకుంటే, ఏ గంటలోనైనా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను, తెలుగులోనూ మాట్లాడతారు.

ఫొటోలు బయటికి రాకముందే చేయగల పని ఒకటుంది. స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఓఆర్‌జీ అనే వేదికను 2021 చివర్లో ప్రారంభించారు. అందులో మీ ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు. మీ ఫోన్‌లోనే ఆ ఫొటోకు వేలిముద్ర లాంటి ఒక సంకేతం తయారవుతుంది, ఆ సంకేతం మాత్రమే వెళుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి భాగస్వామ్య సంస్థలలో ఎవరైనా ఆ ఫొటో పెట్టబోతే ఆ సంకేతంతో పోల్చి ఆపుతారు. ఫొటో తీసేనాటికి మీకు 18 ఏళ్లు నిండి ఉండాలి. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి నేరుగా వెళ్లే సందేశాలను ఇది ఆపలేదు, ఆ పరిమితి తెలుసుకుని వాడండి. ఇప్పటికే ఎక్కడైనా పెట్టేసి ఉంటే ఆ యాప్‌లోనే రిపోర్ట్ చేయండి. ఇలాంటి చిత్రాలను బాధితులు ఫిర్యాదు చేసిన 24 గంటల్లో తొలగించాలని 2021 ఐటీ నిబంధనలు మొదట్లోనే గడువు పెట్టాయి.

ఇంట్లో చెప్పడం గురించి. చదువు మాన్పిస్తారన్న మీ భయం ఉత్తదని నేను అనను. మన ప్రాంతపు ఇళ్లు నాకు తెలుసు. అయినా అతని చేతిలో ఉన్న ఆయుధం ఆ ఫొటోలకన్నా ‘ఇంట్లో తెలుస్తుంది’ అన్న భయమే. ఆ మాట మీ నోటి నుంచే ముందు ఇంట్లోకి వెళితే అతని దగ్గర మిగిలేది తక్కువ. అమ్మ, పిన్ని, మేనత్త, వదిన, వీరిలో ఎవరు ముందు వింటారో, తర్వాత అరుస్తారో ఆలోచించి వారికి చెప్పండి. ఒక్కరు చాలు.

ఈ జవాబు చదివే అన్నయ్యలకూ ఒక మాట చెప్పాలి. రేపు మీ ఫోన్‌కు ఇలాంటిదేదైనా వస్తే, మీ చెల్లెలిని పిలిచి అడిగే మొదటి ప్రశ్న ‘ఎందుకు పంపావు?’ అన్నది కాకూడదు. ‘ఎవడు వాడు, ఎప్పటి నుంచి?’ అన్నది కావాలి. ఊరి గ్రూపులో ఉన్న రెండు వందల మందికి కూడా: వచ్చిన ఫొటోను తెరిచి, ‘చూశావా’ అని ఇంకొకడికి పంపినవాడు తానేమీ చేయలేదనుకుంటాడు. ఐటీ చట్టంలో మొదట పెట్టినవాడికి ఒక సెక్షన్, తర్వాత పంపినవాడికి ఇంకో సెక్షన్ అంటూ లేవు. ‘ప్రసారం చేసినవాడు’ అంటే ఇద్దరూ. ఆ అబ్బాయి ఒక్కడే అయితే అతను చేయగల హాని కొంతే. దాన్ని ఊరంత చేసేది ఈ రెండు వందల వేళ్లు.

ప్రశ్న: నేను బీకాం విద్యార్థిని. బీసెంట్ రోడ్డు బేరాల మీద, పునుగుల బండ్ల మీద రీల్స్ చేస్తాను. 40 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. ఒక గేమింగ్ యాప్ వాళ్లు ఒక్క రీల్‌కు పాతిక వేలు ఇస్తామంటున్నారు. నేను ఆడను, ఆడమని చెప్పను, లింకు మాత్రం పెడతాను. పర్వాలేదా?
— విజయవాడ

జవాబు: డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆట అయితే పర్వాలేదనడానికి లేదు. అలాంటి ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంలో, వాటికి ప్రచారం చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా రాశారు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని తన గేమింగ్ చట్టంలోకి తెచ్చి నిషేధించింది. మీ 40 వేల మందిలో మీ క్లాసువాళ్లు, మీ జూనియర్లు, మీ వీధి పిల్లలు ఉంటారు. ‘అక్క పెట్టిందిగా’ అని నొక్కేది వాళ్లే. వాళ్లు పోగొట్టుకునేది సెమిస్టరు ఫీజు.

పునుగుల బండి రీల్‌కు ఆ బండివారు డబ్బిస్తే తీసుకోండి, తప్పేమీ లేదు. మీ శ్రమకు విలువ ఉంది. కాకపోతే అది డబ్బు తీసుకుని చేసిన ప్రకటన అని రీల్‌లోనే స్పష్టంగా కనపడాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు ఫాలోవర్ల సంఖ్యను బట్టి ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. ఉచితంగా ఇచ్చిన వస్తువు కూడా ప్రతిఫలమే. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు పది లక్షల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ఇంకో సంగతి: ఆ బండి పక్కన నిలబడి తింటున్నవారి ముఖాలు మీ రీల్‌లో పడుతున్నాయా? కాలేజీ ఎగ్గొట్టి వచ్చినవాడి నుంచి షుగరు దాచి తింటున్న పెద్దాయన దాకా, అందరినీ అడిగి తీస్తున్నారా?

ప్రశ్న: టెలిగ్రామ్‌లో పరిచయమైన ఒకాయన నా బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ కొన్నాళ్లు వాడుకోవడానికి ఇస్తే నెలకు పదివేలు ఇస్తానంటున్నాడు. మా హాస్టల్లో ఇద్దరు ఇచ్చారు కూడా. ఇవ్వవచ్చా?
— గుంటూరు

జవాబు: ఇవ్వకూడదు. ఎవరినో మోసం చేసి కాజేసిన డబ్బు ముందుగా వచ్చి పడేది ఇలాంటి ఖాతాల్లోనే, పోలీసులు ముందుగా వెతికేదీ ఆ ఖాతా ఎవరి పేరున ఉందనే. టెలిగ్రామ్‌లో ఉన్న ఆ పెద్దమనిషి పేరు అసలు పేరు కాదు. ఖాతాలో ఉన్న పేరు మాత్రం మీదే. ఇచ్చిన ఆ ఇద్దరినీ ఈ రోజే బ్యాంకుకు వెళ్లి కార్డు, ఖాతా నిలిపివేయించి, జరిగింది రాసి ఇవ్వమనండి. మోసంలో డబ్బు పోగొట్టుకున్నవారైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడ హాస్టల్ నుంచి సెలవులకు తెనాలి వస్తే తెల్లవారుజామున మూడింటి దాకా ఫోనే. అడిగితే ‘ప్రాజెక్టు గ్రూపు’ అంటాడు. ఫోన్ లాక్కోమంటారా?
— ఒక తల్లి

జవాబు: ఇరవై ఏళ్ల కొడుకు చేతిలోంచి ఫోన్ లాక్కుంటే దొరికేది ఫోన్ ఒక్కటే. ఏ యాప్‌లో ఎన్ని గంటలు గడిచాయో ఫోనే లెక్క కట్టి సెట్టింగ్స్‌లో చూపుతుంది. ఒకరోజు పొద్దున కాఫీ ఇచ్చి, ‘నాది చూపిస్తాను, నీది చూపించు’ అనండి. మీ సీరియళ్ల లెక్క కూడా బయటపడుతుందనుకోండి, దానికి సిద్ధపడాలి. రాత్రి ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్ పెట్టే ఏర్పాటు ఇంటిల్లిపాదికీ ఒకటే అయితేనే నిలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్‌కు దరఖాస్తు చేస్తోంది, హైదరాబాదులో వీసా ఇంటర్వ్యూకు వెళ్లాలి. పాత ఖాతాలన్నీ తొలగించి, కొత్తగా ఒక ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచి నాలుగు గుడి ఫొటోలు పెట్టమని ఒక కన్సల్టెన్సీ వారు చెప్పారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, పటమట

జవాబు: మీ మనసు చెప్పిందే సరైనది. అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో, గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లన్నీ రాయాలన్న నిబంధన 2019 నుంచి ఉంది. గత ఐదేళ్లలో వాడినవి అంటే నిన్న తొలగించిన ఖాతా కూడా అందులోకే వస్తుంది. తొలగించి, రాయకుండా వదిలేస్తే అది దాచడం అవుతుంది. వివరాలు వదిలేస్తే వీసా నిరాకరించవచ్చని, ముందుముందు కూడా అర్హత పోవచ్చని అమెరికా రాయబార కార్యాలయం స్పష్టంగా హెచ్చరించింది. 2025 జూన్ నుంచి ఎఫ్, ఎం, జె తరగతుల విద్యార్థి, ఎక్స్ఛేంజ్ వీసాలు కోరేవారు తమ ఖాతాల ప్రైవసీని ‘పబ్లిక్’కు మార్చాలని కూడా అడుగుతున్నారు. ఒక పరాయి దేశం మన పిల్లల పాత పోస్టులను తిరగేయడం నాకు నచ్చే విషయం కాదు. అయితే అక్కడికి వెళ్లదలచినవారికి నిబంధన నిబంధనే.

మీ అమ్మాయి చేయవలసింది తుడిచివేత కాదు, తనిఖీ. ఇంటర్‌లో ఉన్నప్పుడు తెరిచి మరచిపోయిన ఖాతాలు, స్నేహితురాళ్లు కలిసి తిట్లతో నడిపిన పేజీ, చదవకుండానే షేర్ చేసిన రాజకీయ పోస్టులు, పేరు మార్చి పెట్టుకున్న రెండో ఇన్‌స్టాగ్రామ్, వీటన్నింటినీ తనే కూర్చుని ఒకసారి చూసుకోవాలి. ఎవరి గురించైనా నీచంగా రాసినవి ఉంటే తీసేయడం మంచిదే, అది వీసా ఉన్నా లేకపోయినా చేయవలసిన పని. అభిప్రాయాలు తనవే అయితే వాటిని వివరించగలిగేలా ఉండాలి. పబ్లిక్ చేసే ముందు ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఇతరుల పిల్లల ఫొటోలు కనపడుతున్నాయేమో చూసుకోవాలి, ఎందుకంటే ఆ తలుపు తెరిస్తే కాన్సులేట్ అధికారి ఒక్కరే రారు. తనతో పాటు ఫొటోల్లో ఉన్న స్నేహితులకు కూడా ‘నా ఖాతా ఫలానా రోజు నుంచి పబ్లిక్ అవుతోంది’ అని ముందుగా చెప్పాలి. వారిలో కొందరు తమ ఫొటో తీసేయమనవచ్చు, అప్పుడు తీసేయాలి.

ఫారం నింపే పని కన్సల్టెన్సీకి వదలకండి. ముందు రోజు ఒక తెల్ల కాగితం మీద, ఏ యాప్‌లో ఏ పేరుతో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉందో అమ్మాయి చేతనే రాయించండి. అక్షరం తేడా లేకుండా ఆ పేర్లే ఫారంలోకి ఎక్కాలి. ఆ కాగితం పాస్‌పోర్టు ఫైల్లోనే ఉంచండి, ఇంటర్వ్యూ రోజు పొద్దున ఇంకోసారి చూసుకోవడానికి పనికొస్తుంది.